కమిట్ల వరుస మార్చితే ప్రతి మెట్టూ నిలబడాలి

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో నలుగురం కూర్చుని లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. మొన్నొక రాత్రి గది అద్దె తప్పుగా పడుతోందని ఫోన్ వస్తే గిట్ బైసెక్ట్ పెట్టాం. గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పులన్నీ వరుసగా దాచిపెట్టే సాధనం, అందులో ఒక్కో మార్పూ ఒక కమిట్. తప్పు ఏ కమిట్‌తో మొదలైందో వెతికిపెట్టేది బైసెక్ట్. అది సగం సగం చేసుకుంటూ వెతుకుతుంది. అలిపిరి మెట్లన్ని, అంటే 3,550 కమిట్లున్నా పన్నెండుసార్లు చూస్తే తప్పు ఎక్కడ మొదలైందో తేలాలి. మావి అరవయ్యే. అయినా తేలలేదు. వరుసగా తొమ్మిది కమిట్ల దగ్గర ప్రోగ్రామ్ అసలు లేవలేదు, స్కిప్ చేసుకుంటూ పోతే చివరికి తప్పు ఆ తొమ్మిదింటి చుట్టుపక్కలే ఉంది, ఏదో చెప్పలేను అంది.

విషయమేంటంటే, మాలో చిన్నవాడు డేటాబేస్ టేబుళ్ల మార్పులన్నీ ముందుకు తెద్దామని రీబేస్ చేశాడు, అంటే కమిట్ల వరుస మార్చి మళ్లీ పేర్చాడు. కమిట్ల చరిత్ర చూపే లాగ్‌లో పాతది కింద ఉంటుంది, రీబేస్ జాబితాలో పాతది పైన ఉంటుంది. లాగ్ అలవాటులో కాలమ్ చేర్చే లైన్‌ని కిందికి జరిపాడు. దాంతో కాలమ్ వాడే కోడ్ ముందొచ్చింది, కాలమ్ తర్వాతెప్పుడో వచ్చింది. ఫైళ్లు వేరు కాబట్టి మార్పులు ఒకదానితో ఒకటి ఢీకొన్నాయని చెప్పే కాన్‌ఫ్లిక్ట్ కూడా రాలేదు. గిట్ చూసేది లైన్లనే, వాటి అర్థం దానికి పట్టదు.

వరుస మార్చడమే తప్పు, జరిగింది జరిగినట్టు ఉండాలి అనేవాళ్లతో నేను ఏకీభవించను. నేను ఏ పూట ఏది రాశానో రేపు చదివేవాళ్లకి అక్కర్లేదు, ఏది దేనిమీద ఆధారపడిందో కావాలి. కావాలంటే రాసిన తేదీ ఎలాగూ కమిట్‌లో అలాగే ఉంటుంది, రీబేస్‌తో మారేది కమిటర్ తేదీ, అంటే ఆ కమిట్‌ని చివరిగా తయారుచేసిన తేదీ. కానీ వరుస మార్చినవాడు ప్రతి కమిట్ దగ్గరా టెస్టులు నడపాలి. రీబేస్‌కి ఎగ్జెక్ ఆప్షన్ ఇస్తే అదే ఒక్కో కమిట్ తర్వాత నడిపి, ఫెయిలైన చోట ఆగుతుంది. ఆఖరి కమిట్ ఒక్కటీ పాసైందని పుష్ చేసి అందరికీ పంపేస్తే ఎలా?

పదిమందీ వాడే బ్రాంచి, అంటే అందరూ పంచుకునే కమిట్ల వరుస జోలికి మాత్రం పోవద్దు. కమిట్ హ్యాష్‌లో, అంటే దాని గుర్తింపు సంఖ్యలో, పేరెంట్ హ్యాష్, అంటే దాని ముందున్న కమిట్‌ది కూడా కలిసి ఉంటుంది కాబట్టి, రెండింటిని అటూ ఇటూ చేస్తే ఆ తర్వాతవన్నీ కొత్త కమిట్లైపోతాయి, పక్కవాడి పని పాతవాటి మీదే ఉండిపోతుంది.

మా అదృష్టం, రీబేస్ చేసి వారమే అయింది. అలా వదిలేసిన కమిట్లు, బ్రాంచి ఇంతకుముందు ఎక్కడుండేదో గిట్ రాసుకునే రెఫ్‌లాగ్‌లో మామూలుగా 30 రోజులుంటాయి. అతని లాప్‌టాప్‌లో పాత వరుస బయటికి తీసి దానిమీద బైసెక్ట్ నడిపితే ఆరోసారికి కమిట్ దొరికింది.