ఫజ్ పెడల్ గారికి బహిరంగ లేఖ

కాలితో నొక్కితే గిటారు సౌండును గరగరలాడించే మహారాజశ్రీ ఫజ్ పెడల్ గారి సముఖానికి హైదరాబాదు గిటారిస్టులు విన్నవించుకునేది ఏమనగా:

డెబ్బైల హెవీ మెటల్ సంగీతం మీద మోజుతో ఊళ్లో ఎవరు ఆల్బమ్ మొదలెట్టినా ముందు కొనేది తమర్నే. పాటల సంగతి తర్వాత. 1966లో లండన్‌లో పుట్టిన తమరి గుండ్రటి డబ్బా, ‘ఫజ్ ఫేస్’, విప్పితే ఉన్నదెంత? రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే చాలావరకు జేబులో పడతాయి. దర్జా మాత్రం కొత్తల్లుడిది.

తమరి పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు మన ఎండ పడదు. మే నెలలో లీకేజీ (ఆగాల్సిన కరెంటు కారిపోవడం) పెరిగి, రెండోదాని కలెక్టర్ అనే కాలు దగ్గర ఉండాల్సిన 4.5 వోల్టులు కదిలిపోతాయి. నోటు సాగాల్సిన చోట తెగిపోతుంది. 8.2 కిలో ఓముల రెసిస్టర్ పీకి, తిప్పి సర్దుకునే 20 కిలో ఓముల ట్రిమ్ పాట్ పెట్టి, మీటర్ చూస్తూ మళ్లీ 4.5కి తేవాలి. ఏసీ గదిలో తెచ్చింది ఆరుబయట స్టేజీ మీద నిలవదు.

గిటారు పక్కన మొదటి కుర్చీ తమరికే కావాలి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌కు బలమిచ్చే సర్క్యూటు) ఉన్న ట్యూనర్ దూరిందో, సౌండు కీచుమంటుంది. గిటారు వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రంగా పలికే గుణమూ పోతుంది. లోపలివి పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లైతే ప్లస్సే గ్రౌండు కాబట్టి, మిగతా పెడళ్ల అడాప్టర్‌కే తగిలిస్తే షార్టు. విడిగా 9 వోల్టుల బ్యాటరీ సమర్పించుకోవాలి.

ఇంతా చేస్తే, డెబ్బైల మెటల్ మోతకు వచ్చిన ఆ పేరు తమరిది కానే కాదు! మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌లో గిటారిస్టు టోనీ అయోమీ వాడింది ట్రెబుల్ బూస్టర్, అంటే పై స్వరాలను పెంచే వేరే డబ్బా. 1971 నాటి మూడో ఆల్బమ్‌లో ఆ బరువుకు అసలు కిటుకు, కొన్ని పాటలకు తీగలను మూడు సెమీటోన్లు (అర స్వరాలు) దించడం. ఇక్కడ సన్నటి 9 గేజ్ తీగల మీదే అంత దించేసి, తీగ వదులై శ్రుతి తప్పితే తమరి నాబ్ ఇంకాస్త తిప్పుతారు.

మిక్సింగ్‌లో బాస్ గిటారును మింగేది తమరే. ఫజ్ సగానికి దించి, అదే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క) రెండుసార్లు వాయించి ఎడమా కుడీ పంచి, గిటారులో 80 హెర్ట్జ్ కిందున్న మంద్ర శబ్దాలను కోసేస్తే గానీ బాసిస్టు వచ్చాడని తెలియదు.

కావున వచ్చే వేసవి రికార్డింగుకు తమరి సిలికాన్ తమ్ముడిని, బీసీ 108 ట్రాన్సిస్టర్ల ఫజ్‌ని, పిలుస్తున్నాం. అతగాడు కాస్త కరుకు, ఒక్కోసారి రేడియో కూడా పట్టేస్తాడు. దానికి ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్ కాళ్ల మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటర్ చాలు. ఏసీ అడగడు.

ఇట్లు,
తమరి బ్యాటరీ ఖర్చు భరిస్తున్నవారు