రంగూన్ మామ్మ ఇంటిపేరు

మా మనవరాలికి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. న్యూజెర్సీలో మూడో క్లాసు చదువుతోంది. అల్లుడి తండ్రి వైపు ఐరిష్ వాళ్లు, తల్లి వైపు సిసిలీ నుంచి వచ్చిన ఇటాలియన్లు, ఇటు మేము. వీడియో కాల్‌లో పిల్ల చార్టు చూపించింది. వాళ్ల వైపు గడులన్నీ నిండాయి. మా వైపు పైకి వెళ్లేకొద్దీ ఆడవాళ్ల గడులు ఖాళీ. రెండు రోజులుగా అదే కళ్లముందు తిరుగుతోంది.

మా వియ్యపురాలు ఒక ఫోటో పంపింది. పాలెర్మో దగ్గర పల్లెలో వాళ్ల నాయనమ్మ పుట్టినప్పటి రిజిస్టరు పేజీ. సిరా అలుక్కుపోయిన చేతిరాత. అందులో తల్లి పేరు పక్కన ఆమె పుట్టింటి ఇంటిపేరే ఉంది. ఇటలీలో పెళ్లయినా కాగితాల్లో ఆడదాని ఇంటిపేరు మారదు. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో దిగిన ఓడ జాబితాలోనూ అదే పేరు. అక్కడి గుమాస్తాలు పేర్లు మార్చేసేవాళ్లని చెప్పుకుంటారు కానీ, ఆ జాబితా ఓడ బయల్దేరేటప్పుడే రాసేవాళ్లు, దిగాక సరిచూసుకోవడమే.

ఐరిష్ వాళ్ల సంగతి ఇంకా ఆశ్చర్యం. 1922లో అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డుల ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. అయినా కార్క్‌లో ఒక చర్చి బాప్టిజం పుస్తకంలో అల్లుడి ముత్తవ్వ దొరికింది, తల్లి పుట్టింటి పేరుతో సహా. రికార్డులు కాలిపోయినవాళ్లకి దొరికింది. ఏదీ కాలిపోని మాకు దొరకలేదు.

మా మామ్మని అందరూ రంగూన్ మామ్మ అనేవాళ్లు. అక్కడే పుట్టింది. కాకినాడ, కోరంగి వైపు నుంచి కూలీల్ని కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీల వెంట కూలికి వెళ్లిన కుటుంబం. బర్మాలో తెలుగువాళ్లకి కోరంగీలనే పేరు పడిపోయింది. 1942లో జపాన్ వాళ్లు వచ్చిపడితే, ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి పిల్లల్ని వెంటేసుకుని నడిచొచ్చింది. తనతో తెచ్చుకున్నది అరచేతిలో పట్టే లక్క డబ్బా ఒకటే. ఎర్ర రంగు, మూత అంచు పెచ్చులూడింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది, మూత తీస్తే ఇంకా వక్క వాసన. డబ్బా దాచుకున్నాం, ఆవిడ ఇంటిపేరు దాచుకోలేదు.

1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీలకైనా రిజిస్టరు ఉంది: పేరు, తండ్రి పేరు, కులం, ఊరు. తెల్లవాళ్లు లెక్క కోసం రాసుకున్నది ఇవాళ డర్బన్‌లో మనవాళ్ల వారసులకి దారి చూపిస్తోంది. మా వాళ్లకి అలాంటి కాగితం ఏదీ దొరకలేదు.

గోత్రం తెలుసు కదా, ఇంకేం కావాలి అంటున్నాడు మా అన్నయ్య. గోత్రం ఎవరిది? మా తాతగారిది. తర్పణాల్లో మామ్మ పేరు చెబుతారు, కానీ ఆయన గోత్రంతోనే. ఊళ్లో పాత దస్తావేజులు తీయించాను. మగవాళ్లందరికీ తండ్రి పేరుంది. మామ్మ దగ్గరికి వచ్చేసరికి ‘ఫలానావారి భార్య’. వేలిముద్ర ఉంది, పుట్టింటి మాట లేదు. కొండలు దాటి మా నాన్నని బతికించి తెచ్చిన మనిషి ఎవరి బిడ్డో మాకు తెలియదంటే నాకు కోపం వస్తోంది. అన్నయ్య మీద కాదు, ఆవిడ ఒళ్లో పెరిగి కూడా ఒక్కసారి అడగని నా మీదే.

మా ఇంటి మాటే కాదు. అత్తవారింటి పేరు చేరగానే పుట్టింటి పేరు తుడిచేసే అలవాటు ఇంటింటా ఉంది. శుభలేఖల్లో తాతయ్యల పేర్లు వేయిస్తాం, అమ్మమ్మ ఏ ఇంటి ఆడపడుచో ఒక్క ముక్క వేయం. మీ అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు కింద కామెంట్లో రాయండి. ఎంతమంది రాయగలరో చూద్దాం.

మామ్మతో పాటు నడిచొచ్చిన పిల్లల్లో మా పెద్దత్త ఒక్కతే మిగిలింది. 91 ఏళ్లు. ఫోన్లో మాట వినపడదు. ఆ గడి ఖాళీగానే ఉంచమని మనవరాలికి చెప్పాను. లక్క డబ్బా సంచిలో పెట్టుకున్నాను, అది చూస్తేనైనా అత్తకి ఏదైనా గుర్తొస్తుందేమోనని. ఆదివారం పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను.