పరుగుకు దక్కని ప్రతిఫలం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 2013 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పూర్తయ్యేసరికి ఒక్క రన్నింగ్ బ్యాక్‌నైనా ఏ జట్టూ తీసుకోలేదు. 1963 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2014లోనూ అదే జరిగింది. 2022లో, 2024లో మళ్లీ అదే. బంతిని చంకన బిగించి, ఎదురుగా గోడలా నిలబడ్డ మనుషుల్ని చీల్చుకుంటూ పరుగెత్తే ఈ ఆటగాడే ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్‌కు ముఖచిత్రం. 1978లో ఎర్ల్ క్యాంప్‌బెల్‌ను హ్యూస్టన్ ఆయిలర్స్ మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి ఆటగాడిగా ఎంచుకుంది. 1995లో కిజానా కార్టర్ తర్వాత ఆ మొదటి స్థానం మరో రన్నింగ్ బ్యాక్‌కు దక్కలేదు.

జట్ల లెక్క తప్పని మేము అనడం లేదు. 1978లోనే నిబంధనలు మారాయి. బంతి అందుకోవడానికి పరుగెత్తే రిసీవర్‌ను అయిదు గజాలు దాటాక అడ్డుకోకూడదన్నారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్ చేతులు చాచి నెట్టవచ్చన్నారు. అప్పటి నుంచి ఆట నేల మీద నుంచి గాలిలోకి మళ్లుతూ వచ్చింది. పైగా మంచి రన్నింగ్ బ్యాక్ ఏ మూలనైనా దొరుకుతాడని జట్లకు అనుభవంతో తెలిసింది. 1995లో 196వ ఎంపికగా వచ్చిన టెరెల్ డేవిస్ 1998 సీజన్‌లో 2,008 గజాలు పరుగెత్తాడు. ఏ రౌండ్‌లోనూ ఎవరికీ అక్కర్లేకపోయిన ఏరియన్ ఫాస్టర్ 2010లో పరుగెత్తిన గజాల్లో లీగ్ మొత్తానికీ అగ్రస్థానంలో నిలిచాడు. 2022లో 251వ ఎంపికైన ఐజయా పచెకో తొలి ఏడాదే కాన్సాస్ సిటీ జట్టులో ఉండి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. ఇటువైపు చూస్తే, 2012లో మూడో ఎంపికగా తీసుకున్న ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మరుసటి ఏడాది సెప్టెంబరులోనే ఇండియానాపొలిస్‌కు ఇచ్చేసింది. అక్కడా అతడు నిలదొక్కుకోలేదు. ఇవన్నీ చూసిన జనరల్ మేనేజర్ మొదటి రౌండ్‌లో మరొకరి వైపు చూస్తే తప్పుపట్టలేం.

సాక్వాన్ బార్క్లీ కథ ఈ వాదనకు రెండు వైపులా సాక్ష్యం. 2018లో న్యూయార్క్ జెయింట్స్ అతడిని రెండో ఎంపికగా తీసుకుంది. అక్కడ ఆడిన ఆరు సీజన్లలో ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారే. 2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు మారాడు. ముందు నిలబడి దారి తీసే బలమైన లైన్ దొరికింది. ఆ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తాడు, జట్టు సూపర్ బౌల్ గెలిచింది. మనిషి అతడే, మారింది లైన్. ముందు ఇల్లు కట్టుకుని ఆ తర్వాతే రన్నింగ్ బ్యాక్‌ను తెచ్చుకోవాలన్న మాట నిజమే. కానీ అన్నీ కుదిరిన జట్టులో అలాంటి ఆటగాడు ఎంత తేడా తెస్తాడో కూడా ఆ సీజనే చూపించింది. 2025లో లాస్ వెగాస్ రైడర్స్ ఆష్టన్ జెంటీని ఆరో ఎంపికగా తీసుకోవడానికి ఆ ఊపూ ఒక కారణమే అనుకుంటున్నాం.

మా అభ్యంతరం డ్రాఫ్ట్ స్థానం గురించి కాదు, ఆ తర్వాత జరిగే దాని గురించి. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. పోటీపడి ధర పెంచేవాళ్లు ఉండరు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం నుంచి కొత్త ఆటగాళ్ల జీతం ఏ స్థానంలో ఎంపికయ్యారన్న దాన్ని బట్టే దాదాపుగా ఖరారైపోతుంది. కాంట్రాక్టు నాలుగేళ్లు. మొదటి రౌండ్ ఆటగాడైతే అయిదో ఏడాది కూడా జట్టు చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాతా వదలకుండా ఫ్రాంచైజీ ట్యాగ్ వేసి, అంటే నిర్ణీత జీతమిచ్చి, మరో ఏడాది ఆపుకోవచ్చు. ఇరవై రెండేళ్లకు లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు సొంతంగా బేరమాడుకునే నాటికి ఇరవై ఆరో, ఇరవై ఎనిమిదో వస్తాయి. క్వార్టర్‌బ్యాక్‌కు అది అసలు ఆట మొదలయ్యే వయసు. ప్రతి ఆటలో ఇరవై సార్లు మోకాళ్ల మీద, భుజాల మీద దెబ్బలు తిన్న రన్నింగ్ బ్యాక్‌కు అది చాలావరకు అయిపోయే వయసు.

ట్యాగ్ అంకెలు చూడండి. 2015లో క్వార్టర్‌బ్యాక్ ట్యాగ్ సుమారు 1.85 కోట్ల డాలర్లు. 2023 నాటికి 3.24 కోట్లయింది. రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ అదే కాలంలో 1.09 కోట్ల నుంచి 1.01 కోట్లకు పడిపోయింది. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కో జట్టు జీతాల పరిమితి సుమారు 14.3 కోట్ల డాలర్ల నుంచి 22.5 కోట్లకు పెరిగింది. అందరి వాటా పెరుగుతుంటే వీళ్లది తగ్గింది. ట్యాగ్ మొత్తాన్ని అదే స్థానంలోని అత్యధిక జీతాలను బట్టి లెక్కిస్తారు. జీతాలు తగ్గితే ట్యాగ్ తగ్గుతుంది, తక్కువ ట్యాగ్ చూపించి జీతాలు ఇంకా తగ్గిస్తారు. ఈ ఉచ్చులోంచి బయటపడే దారి ఆటగాడి చేతిలో లేదు. 2018లో పిట్స్‌బర్గ్ జట్టుకు చెందిన లెవియాన్ బెల్ ట్యాగ్‌ను కాదని సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత మునుపటి ఆట మళ్లీ కనిపించలేదు. 2023 జులైలో ఆస్టిన్ ఎకెలర్ చొరవతో ప్రముఖ రన్నింగ్ బ్యాక్‌లు జూమ్ కాల్‌లో కలిసి గోడు చెప్పుకున్నారు. ఏం చేయాలో తేలలేదు.

డబ్బు ఇచ్చిన జట్లూ చేతులు కాల్చుకున్నాయి కదా అని అడుగుతారు. నిజమే. డాలస్, ఫ్రిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎజెకియల్ ఎలియట్ పేరు కొత్త కాదు. రెండు సీజన్లలో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తిన అతడికి కౌబాయ్స్ 2019లో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. 2023 మార్చిలో వదిలేసింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ 2018లో టాడ్ గర్లీకి పెద్ద కాంట్రాక్టు ఇచ్చి, మోకాలు సహకరించక రెండేళ్లలోపే పంపేసింది. అప్పటికి గర్లీ వయసు పాతికేళ్లు. ఈ రెండు కథలూ జట్లను భయపెట్టాయి. అయితే ఇద్దరూ తమ గొప్ప సీజన్లు ఆడింది పాత చవక కాంట్రాక్టు మీద అన్న సంగతి మరచిపోకూడదు. చేసిన పనికి కూలి ఆలస్యంగా ఇచ్చి, అప్పటికి ఒంట్లో సత్తువ తగ్గిందని నిందించడం న్యాయం కాదు. ఎర్ల్ క్యాంప్‌బెల్ ఆట మానేశాక చక్రాల కుర్చీ ఆసరా తీసుకోవాల్సి వచ్చింది. ఆ పరుగుల ఖరీదు శరీరం చెల్లిస్తుంది, అదీ జీవితాంతం.

ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్ వరకు ఉంది. 2020లో ఆటగాళ్లు దాన్ని 1,019 – 959 ఓట్లతో, అంటే కేవలం 60 ఓట్ల తేడాతో ఆమోదించారు. జీతాల కుండ ఒక్కటే కాబట్టి రన్నింగ్ బ్యాక్‌కు పెరిగితే మరొకరికి తగ్గుతుందన్న టెన్షన్ మిగతావాళ్లకు ఉంటుంది. అయినా ఆటగాళ్ల సంఘం ఈసారి రెండు విషయాల్లో పట్టుబట్టాలని మేము కోరుతున్నాం. రన్నింగ్ బ్యాక్‌ల తొలి కాంట్రాక్టును మూడేళ్లకు తగ్గించాలి. ఫ్రాంచైజీ ట్యాగ్‌ను వీళ్లకు పూర్తిగా ఎత్తివేయాలి. అది కుదరకపోతే ట్యాగ్ మొత్తాన్ని స్థానంతో పనిలేకుండా లీగ్‌లోని పెద్ద జీతాలన్నిటినీ కలిపి లెక్కించాలి. తక్కువ జీతానికి ఎక్కువసేపు ఆడినవాళ్లకు అదనంగా ఇచ్చే నిధి ఇప్పటికే ఉంది. అందులో రన్నింగ్ బ్యాక్ తిన్న దెబ్బలకూ లెక్క కట్టే పద్ధతి రావాలి. వీటి మీద సంప్రదింపులు మొదలుపెట్టడానికి 2030 దాకా ఆగనవసరం లేదు. ఇప్పుడు ఆడుతున్న కుర్రాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆట మిగలదు.