మా కాలనీ పార్కు బీరువాలో ఉంది

మా కాలనీలో పార్కు లేదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. పచ్చి అబద్ధం. పార్కు ఉంది. మా బెడ్‌రూమ్ బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో చెక్కుచెదరకుండా ఉంది. అనుమానం ఉంటే వచ్చి చూసుకోవచ్చు. చెప్పులు మాత్రం బయట విడవాలి.

అది బీరువాలోకి ఎట్లా వచ్చిందో చెబుతాను. లేఅవుట్ వేసేవాళ్లు పది శాతం జాగా పార్కుకీ, ఆటలకీ వదిలి, స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని రూలుంది. మా వెంచర్ వేసినాయన ఆ రూలును బ్రోషర్‌లో తు.చ. తప్పకుండా పాటించాడు. అందులో ఫౌంటెన్ ఉంది, జారుడుబల్ల ఉంది, కుక్కపిల్లను నడిపిస్తున్న ఒక దొరసాని కూడా ఉంది. నేల మీదికి వచ్చేసరికి ఆ పది శాతంలోనూ కడీలు పాతి గజాల లెక్కన అమ్మేశాడు. జారుడుబల్ల ఉండాల్సిన చోట ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు, కింద చికెన్ సెంటర్.

2020లో ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది, అంటే అనుమతి లేని లేఅవుట్లనీ ప్లాట్లనీ డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే సర్కారు స్కీము. లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలకపోతే, ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతం అదనంగా కట్టాలన్నారు. వదలాల్సింది ఆయన, కట్టాల్సింది మేము. వదలాల్సింది పది, కట్టాల్సింది పద్నాలుగు. పైన నాలుగు శాతం ఎందుకని మా ఎదురింటాయన ఆవేశపడ్డాడు. మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తారండీ, అని సర్దిచెప్పాను. స్కీముకు తెలంగాణ మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. 2025లో ఈ ఛార్జీల మీద 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ఆషాఢం సేల్‌లో చీరలు కొన్నాం గానీ, పార్కు కొనడం మాకు అదే మొదలు. మార్చి 31 ఆఖరు అంటే నెట్ సెంటర్లో మూడు గంటలు నిలబడి కట్టి, వచ్చిన కాగితాన్ని బీరువాలో దాచాను. ఆ తర్వాత గడువు పొడిగించారు.

ఈ సదుపాయం తెలియక పాపం పాశ్చాత్యులు చాలా కష్టపడ్డారు. 1929లో న్యూయార్క్ ప్రాంత ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే ఆయన ఒక పేట నమూనా గీశాడు. 160 ఎకరాలు, నడిమధ్యన బడి. ఏ ఇంటి నుంచైనా పావు మైలు నడక. పిల్లలు పెద్ద రోడ్డు దాటే పని లేకుండా బడికి చేరాలట. ఇక పార్కులకు పది శాతం. అంటే పదహారు ఎకరాలు. నేను వెంటనే క్యాలిక్యులేటర్ తీశాను. 77,440 గజాలు. రెండొందల గజాల చొప్పున 387 ప్లాట్లు. అందులో సగమైనా ఈస్ట్ ఫేసింగ్ పడకపోవునా? అంత ఆస్తినీ ఆ పెద్దమనిషి ఉయ్యాలల పాలు చేశాడు. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు కాబోలు.

బడి విషయంలో మన చట్టమూ వెనకబడే ఉంది. చిన్న తరగతుల బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలంటుంది. ఉంది కూడా. మా గేటు నుంచి ఆరు వందల మీటర్లు, సర్కారు బడి. కానీ నడిచి వెళ్లే బడికి పంపితే వియ్యాలవారి ముందు తలెత్తుకోగలమా? అందుకని మా మనవడు పొద్దున ఆరుంబావుకు పసుపుపచ్చ బస్సెక్కి, పద్దెనిమిది కిలోమీటర్లు నిద్రపోతూ వెళ్తాడు. అక్కడ వారానికి రెండు పీరియడ్లు 'నేచర్ వాక్' ఉంటుంది. ఫీజు విడిగా.

పెద్దలు నడవడానికి మెయిన్ రోడ్డుకు ఫుట్‌పాత్ వేశారు. అడ్డులేని జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. చిన్న కారు వెడల్పు కొలిచే ఆ అంకె వేసి ఉంటారని నా నమ్మకం. అంత సరిగ్గా పడుతుంది.

షుగర్ వచ్చిందని డాక్టరు నలభై నిమిషాలు నడవమన్నాడు. మేడ మీద నడుస్తున్నాను. వాటర్ ట్యాంకు నుంచి డిష్ దాకా పద్దెనిమిది అడుగులు, ఆరేసిన దుప్పటి కింద వంగి దాటితే ఇరవై.

మొన్న ఆదివారం సాయంత్రం మనవడు "తాతా, పార్కుకు పోదాం" అన్నాడు. నాకు గర్వంతో ఒళ్లు పులకరించింది. బీరువా తెరిచి, కవర్లోంచి కాగితం తీసి వాడి చేతిలో పెట్టాను. ముందూ వెనకా తిప్పి చూశాడు. జారుడుబల్ల ఎక్కడన్నాడు. పైన ఉన్న రాజముద్రలో కాకతీయ తోరణం చూపించి, ఇదిగో గేటు, అన్నాను.

"మరి లోపలికి ఎట్లా పోవాలె?"

చీకటి పడింది, పార్కు మూసే టైమైందని చెప్పి బీరువాకు తాళం వేశాను.