సవరణ: చామ్‌స్కీ డాక్టరేట్ ఎంఐటీది కాదు

అమెరికన్ భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఎంఐటీలో (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) పీహెచ్‌డీ చేశారనీ, 1957లో వచ్చిన ఆయన పుస్తకం 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' ఆ పీహెచ్‌డీ థీసిస్ అనీ నా పాత పోస్టులో ఉంది. రెండూ సరికాదు.

ఆయన బీఏ, ఎంఏ, పీహెచ్‌డీ మూడూ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే. గురువు జెల్లిగ్ హారిస్. 1951 నాటి ఎంఏ థీసిస్ ఆధునిక హీబ్రూ మీద. ఆ ఏడాది నుంచి 1955 దాకా హార్వర్డ్ ఫెలోషిప్‌లో ఉంటూ ఓ భారీ రాతప్రతి తయారుచేశారు. అందులోంచి ఒక్క అధ్యాయం తీసి 'ట్రాన్స్‌ఫర్మేషనల్ అనాలిసిస్' పేరుతో ఇస్తే 1955లో పెన్సిల్వేనియా డాక్టరేట్ ఇచ్చింది. అసలు రాతప్రతి పుస్తకంగా రావడానికి 1975 దాకా పట్టింది!

థీసిస్‌లో విషయం స్థూలంగా ఇది: 'రాముడు రావణుణ్ణి చంపాడు', 'రాముడి చేత రావణుడు చంపబడ్డాడు' లాంటి వాక్యాల మధ్య సంబంధాన్ని సూత్రాలుగా రాయడం. (ఉదాహరణ నాది. రెండో వాక్యం గ్రామర్ పుస్తకాల్లో తప్ప ఎవరూ అనరు, అది వేరే సంగతి.)

ఎంఐటీలో ఆయన చేరింది 1955లో, ఉద్యోగిగా. 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' అక్కడి డిగ్రీ స్థాయి విద్యార్థులకు చెప్పిన పాఠాల నోట్సులోంచి వచ్చింది. భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ కోర్సు ఎంఐటీలో మొదలైందే 1961లో. కాబట్టి 1955లో అక్కడ ఆ డిగ్రీ తీసుకునే వీలే లేదు.

'మన తెలుగు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పీహెచ్‌డీ కూడా పెన్సిల్వేనియాలోనేనా?' అని ఒకరు అడిగారు. అవును, అక్కడే, 1957లో. కాకపోతే ఆయనది తెలుగు ధాతువుల (క్రియల మూలరూపాల) మీద చారిత్రక, తులనాత్మక పరిశోధన.