రాయి లెక్క టన్నుల్లోనే చెప్పాలి

విశాఖ చుట్టుపక్కల ఖనిజాల మీద పనిచేసే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలకు తలా ఇరవై వేలో పాతిక వేలో చిన్న గ్రాంట్లు ఇస్తే బాగుంటుందని కొందరు పెద్దమనుషులు ఈమధ్య అంటున్నారు. మొదట్లో నేను పట్టించుకోలేదు. మన ఊళ్ళో ఆలోచనలు సగం ఆర్కే బీచ్‌లో సాయంత్రం పుట్టి, మురీమిక్చర్ పొట్లం ఖాళీ అయ్యేసరికి పోతాయి. ఇది పోలేదు. కాబట్టి బాధ్యత గల పౌరుడిగా, ఠంచనుగా ఇంటిపన్ను కట్టేవాడిగా, దీన్ని ఖండించక తప్పడం లేదు.

ఈ ఊరికి రాయి విలువ తెలియదని కాదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైందే అప్పటి విశాఖపట్నం జిల్లాలో. 1933లో రేవు తెరిచిందీ ముఖ్యంగా మధ్య పరగణాల మాంగనీసును ఓడలకెక్కించడానికే. ఇవాళ అరకు రైలు అద్దాల బోగీలో కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టేవాళ్ళకు గుర్తుండదు గానీ, 1960ల్లో ఆ కొత్తవలస-కిరండూల్ లైను వేసింది వాళ్ళ సెల్ఫీల కోసం కాదు, బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడం కోసం. ఇన్నేళ్ళలో ఒక్క వ్యాగన్ని ఆపి, 'నువ్వెక్కడ పుట్టావు, ఎంత వేడిలో ఉడికావు, నీ పక్కనున్నది ఎవరు' అని అడిగినవాడున్నాడా? ఎన్ని టన్నులని అడిగారు. సరుకుతో మర్యాదగా మసలడమంటే అదీ.

ఈ పిల్లలు మాత్రం పేరూ ఊరూ అడుగుతారు. పాడేరు దగ్గర కొండరాళ్ళలో సఫైరిన్ అనే నీలిరంగు ఖనిజం ఉంది. నగకు పనికిరాదు, కొలిమిలో వేస్తే ఏ లోహమూ రాదు. అది చెప్పేదల్లా ఒక్కటే: ఎప్పుడో వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల ఆ రాయి 900 డిగ్రీలు దాటిన వేడి తిన్నదని. అంత వేడి చూసి, చెక్కుచెదరకుండా పైకి వచ్చిన రాళ్ళు ప్రపంచంలో కొన్ని చోట్లే ఉన్నాయి. తూర్పు కనుమలు అందులో ఒకటి. ఇది వినగానే మనలాంటివాళ్ళం అడగాల్సిన ప్రశ్న 'అయితే ఏంటి?' అని. అకౌంట్స్ వాళ్ళు అడగాల్సింది ఇంకొకటుంది: 'ఆ 900 డిగ్రీలకు బిల్లుందా?'

ఇక్కడ అర్హత సమస్య కూడా ఉంది. గ్రాంటేమో విశాఖ ప్రాంతపు ఖనిజాలకట. పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. కాబట్టి సఫైరిన్ పరజిల్లాది. గొలుగొండ మండలం అనకాపల్లికి పోయింది, దాంతో కరక కొండ వైడూర్యాలూ పోయాయి. మాంగనీసు గరివిడి విజయనగరంలో ఉంది. వంద కోట్ల ఏళ్ళు ఆగిన రాయి జిల్లాల విభజన దాకా ఆగి, గెజిట్ చూసుకుని ఏ పక్క పుట్టాలో తేల్చుకోవాల్సింది. తొందరపడింది. ఇక మిగిలింది కైలాసగిరి, సింహాచలం కొండ, డాల్ఫిన్స్ నోస్. మూడూ కొండలైట్ అనే ఒకే రకం శిలే. అంటే పరిశోధన కూడా ఒక్కటి చాలు.

ఖర్చు సంగతికొద్దాం, అసలు గోల అక్కడే ఉంది. ఒక అమ్మాయికి ఇరవై వేలిచ్చారనుకుందాం. బస్సు చార్జీలు, రెండు రాత్రుల లాడ్జి, ఒక సుత్తి, నాలుగు రాళ్ళు. ఇంతవరకూ ఏ ఆడిటరైనా భరిస్తాడు. తర్వాత ఆ పిల్ల ఏం చేస్తుందంటే, పిడికిలంత రాయిని రంపంతో కోసి, ఆ ముక్కను గాజుపలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తుంది. వెలుతురు దానిలోంచి పోవాలట. మైక్రోస్కోపు కింద పెట్టి తిప్పితే రంగులు మారతాయట. దీన్ని థిన్ సెక్షన్ అంటారు. ఆడిట్ భాషలో మాత్రం ప్రభుత్వ సొమ్ముతో సంపాదించిన స్థిరాస్తిని అరగదీసి నీళ్ళలో కలపడం అంటారు. స్టాకు రిజిస్టరులో రాయి 900 గ్రాములని ఉంటుంది. సంవత్సరాంతపు తనిఖీకి వచ్చినవాడికి ఆ అమ్మాయి ఒక గాజుముక్క చూపిస్తుంది.

"రాయేదమ్మా?"

"ఇదే సార్, దీంట్లోనే ఉంది."

"ఇది అద్దం కదా?"

"అద్దం మీద ఉంది సార్."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తాడు. ఏమీ కనబడదు. కనబడకపోవడమే దాని గొప్పతనమని ఆ పిల్ల చెప్పబోతుంది. రిమార్కుల కాలమ్‌లో ఆయన ఏం రాస్తాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ రిమార్కుకు జవాబు, ఆ జవాబు మీద గైడు గారి సంతకం, ఆ సంతకానికి డిపార్ట్‌మెంటు ముద్ర, చివరికి సర్కారు ఆర్థిక నిబంధనల ప్రకారం జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం. ఇవన్నీ అయ్యేసరికి కాగితం బరువు రాయి బరువును దాటుతుంది. నేనైతే ఆ ఫైలు మీదే పరిశోధన చేయమంటాను. పొరలు పొరలుగా ఉంటుంది, ఏ పొర ఎప్పుడు పడిందో తేదీతో సహా ఉంటుంది.

సరే, రాయి తేవడం ఏమైనా సులువా? చెక్‌పోస్టు దగ్గర బ్యాగు తెరిపిస్తారు.

"ఏటమ్మా బ్యాగులోని?"

"రాళ్ళు సార్."

"రాళ్ళెందుకు నీకు?"

"చదువుకోడానికి సార్. యూనివర్సిటీ."

"రాళ్ళ మీద ఏటి రాసుంటాదమ్మా, చదవడానికి?"

ఆ గార్డును తప్పుపట్టలేం. కరకలో రంగురాళ్ళ కోసం రాత్రిపూట దొంగతవ్వకాలు చేసేవాళ్ళను చూసి చూసి, బ్యాగులో రాయి ఉన్నవాళ్ళందరి మీదా ఆయనకు అనుమానమే. రెండు కేజీల రాయి మోసుకొచ్చే పిల్ల దగ్గర ఐడీ కార్డు, గైడు ఉత్తరం, శాంపిలు పట్టీ, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. ఈ లోపల వెనకనుంచి రాతిలారీ హారన్ కొడుతుంది. గేటు లేస్తుంది. లారీకి దారివ్వడానికి ఆ అమ్మాయి బ్యాగు పట్టుకుని పక్కకు జరుగుతుంది. పది టన్నులు మోసేవాడికి టైముండదు, పాపం.

ఏజెన్సీ ఊళ్ళలో ఇంకో తంటా. అక్కడ సుత్తి పట్టుకుని కొండెక్కే మనిషి కనిపిస్తే ఊరు ఊరంతా బయటికొస్తుంది. ఇవాళ సుత్తి వస్తే రేపు ప్రొక్లెయిన్ వస్తుందని వాళ్ళ లెక్క. బాక్సైట్ సర్వేలు చూసినవాళ్ళు, గిరిజన ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద వేసిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిన అనంతగిరి చుట్టుపక్కలవాళ్ళు, ఆ లెక్క ఊరికే వేసుకోలేదు. (వ్యంగ్యం పక్కనపెట్టి చెప్తున్నాను, ఇందులో వాళ్ళ తప్పు వెంట్రుకంత కూడా లేదు.) మనమేమో సుత్తి వెనక ఎప్పుడూ కంపెనీనే పంపించాం. ఇప్పుడు ఒట్టి కుతూహలంతో ఒక పిల్లను పంపితే ఎవరు నమ్ముతారు?

అందుకే నేను ఖర్చులేని పరిశోధన పద్ధతి ఒకటి సూచిస్తున్నాను. దీనికి చరిత్ర ఆధారం ఉంది. 1893లో థామస్ హాలండ్ అనే దొర మన కనుమల్లో విరివిగా ఉండే ఒక నల్లటి శిలకు చార్నొకైట్ అని పేరుపెట్టాడు. ఎక్కడ చూసి? కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిరాయిని చూసి. కొండెక్కలేదు, టీఏ బిల్లు లేదు, చెక్‌పోస్టు లేదు. మన పిల్లలు కూడా 900-కె నంబరు బస్సెక్కి భీమిలి వెళ్ళి, డచ్చివాళ్ళ సమాధుల దగ్గర కూర్చుని ఏదో ఒకటి కనిపెట్టొచ్చు. రానుపోను చార్జీ మాత్రం ఇవ్వొచ్చని నా అభిప్రాయం, ఏసీ బస్సుకు కాదు.

అంత దూరం కూడా ఎందుకు? విశాఖ పాతనగరంలో రేవు వైపు గాలి వీచే వీధుల్లో కిటికీ చువ్వ మీద వేలు పెడితే చాలు, బొగ్గు, ఇనుము అన్నీ కలిసి నల్లగా అంటుకుంటాయి. శాంపిల్ ఇంటికే వస్తుంది, డెలివరీ చార్జీ లేదు. బీచ్‌లో అయితే ఏరే పని కూడా అల చూసుకుంటుంది. తేలికైన తెల్ల ఇసుకను వెనక్కి లాక్కుపోయి, బరువైన ఇల్మనైట్‌ను నల్లగా, గార్నెట్‌ను ఎర్రగా ఒడ్డున చారలు తీసి పెడుతుంది. పిల్లలు వాటితో గుళ్ళు కడతారు, కుక్కలు వాటి మీద పడుకుంటాయి. అందులో మోనజైట్ అనే ఖనిజం ఉందనీ, మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉందనీ ఎవరికీ టెన్షన్ లేదు. సముద్రం ఇంత పని గ్రాంటు అడక్కుండా, మూడు కొటేషన్లు పిలవకుండా చేస్తుంటే, ఎమ్మెస్సీ చదివిన పిల్లలకు చేతకాదా?

అమెరికాను చూపించి వాదించేవాళ్ళున్నారు. అక్కడ పెన్‌రోజ్ అనే ఆయన గనుల్లో బాగా సంపాదించి, 1931లో పోతూ పోతూ ఆస్తిలో లక్షల డాలర్లు అక్కడి జియొలాజికల్ సొసైటీకి రాసిపోయాడు. ఆ సొసైటీ ఇప్పటికీ విద్యార్థులకు చిన్న గ్రాంట్లు ఇస్తుంది. రాళ్ళంటే సరదా ఉన్న మామూలు మనుషులు కూడా సంఘాలు పెట్టుకుని, చందాలేసుకుని, తమ ప్రాంతపు ఖనిజాల మీద పనిచేసే పిల్లలకు కాస్త డబ్బిస్తారట. ఏం లాభం? థిన్ సెక్షన్ మీద దాత పేరెక్కడ రాస్తారు? 0.03 మిల్లీమీటర్లలో ఇంటిపేరు కూడా పట్టదు. మన దగ్గర క్వారీల్లో సంపాదించినవాళ్ళు ఇచ్చే సీలింగు ఫ్యాను చూడండి. మూడు రెక్కలు, మూడు రెక్కల మీదా పేరు, కింద ఊరు. కరెంటున్నప్పుడు చదవలేకపోయినా, పోయినప్పుడు అందరూ తలెత్తి చదువుతారు.

ఇంత చెప్పినా గ్రాంట్లు ఇచ్చి తీరతామంటే, కనీసం కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. డబ్బు మార్చి ఆఖరి వారంలోనే విడుదల చేయాలి, 31లోగా ఖర్చుపెట్టకపోతే వడ్డీతో వెనక్కి తీసుకోవాలి. దరఖాస్తులో 'ఈ ఖనిజం ఎన్ని టన్నులు?' అన్న గడి తప్పనిసరి. రెండు మిల్లీమీటర్ల సఫైరిన్ గింజ దొరికిందని గర్వంగా రాసే అమ్మాయి దాన్ని టన్నుల్లోకి మార్చి, దశాంశ బిందువు తర్వాత సున్నాలన్నీ విధిగా చూపాలి, ఒక్కటి తగ్గినా తిరస్కరించాలి. దరఖాస్తు మూడు ప్రతుల్లో ఉండాలి. రాయి కూడా మూడు ప్రతుల్లో ఉండాలి, మూడింటి మీదా గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. జిరాక్సు రాళ్ళు తీసుకోబడవు.