యజమానిగారికి 35 రోజుల సెలవు మంజూరు

సొంత కంప్యూటర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపుకొనే హక్కు తమకు ఉండాలని కొందరు గృహస్థులు పట్టుబడుతున్నారు. డబ్బు పెట్టి కొన్న యంత్రం గనుక దానిలోకి ఏది రావాలో తామే తేల్చుకుంటామని వారి వాదన. ఇటువంటి ప్రమాదకరమైన ఆలోచనను మొగ్గలోనే తుంచవలసి ఉంది.

అసలు యజమానికి ఇప్పుడున్న సౌకర్యాలు తక్కువేమీ కాదు. విండోస్ 10 హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్లను శాశ్వతంగా ఆపే మీట లేకపోయినా, 35 రోజుల వరకు విరామం కోరవచ్చు. గడువు తీరాక మళ్లీ విరామం కావాలంటే పాత బకాయిలన్నీ ముందుగా వేయించుకోవాలి. ఇక, రీస్టార్ట్ చేయరాదని మనం చెప్పుకొనే ‘యాక్టివ్ అవర్స్’కు గరిష్ఠ పరిమితి 18 గంటలు. మనిషన్నవాడు రోజుకు అంతకుమించి పనిచేయడని మైక్రోసాఫ్ట్ దయతో నిర్ధారించింది కాబట్టి, తెల్లవారుజామున మూడింటికి నివేదిక పూర్తిచేసుకుంటున్న వ్యక్తి తెర నల్లబడగానే కోపగించుకోవడం కృతఘ్నత తప్ప మరొకటి కాదు.

అయినా తృప్తిలేని కొందరు సర్వీసుల (తెరవెనుక నడిచే ప్రోగ్రాముల) జాబితాలోకి చొరబడి విండోస్ అప్‌డేట్‌ను డిజేబుల్ చేస్తారు. అటువంటివారి కోసమే అందులో ‘మెడిక్ సర్వీస్’ అనే మరో సర్వీసు కాపలా ఉంటుంది. యజమాని తీసుకున్న నిర్ణయాన్ని అది జబ్బుగా గుర్తించి, చడీచప్పుడు లేకుండా నయం చేస్తుంది. చివరికి వీరు అప్‌డేట్లు దిగకుండా వైఫైని ‘మీటర్డ్ కనెక్షన్’గా, అంటే వాడిన కొద్దీ ఖర్చయ్యే నెట్‌గా ప్రకటించి, నెట్ ఖర్చు భరించలేని నిరుపేదలమని సొంత యంత్రాన్నే నమ్మించజూస్తారు. యజమాని తన సొత్తు ఎదుట దరిద్రం నటించవలసిన స్థితి రావడం నాగరికతలో ఎంతటి పురోగతో ఆలోచించండి!

అపార్థాలకు తావిచ్చిన సందర్భాలు లేవనను. 2016లో విండోస్ 10 అప్‌గ్రేడ్ కబురు తెచ్చిన కిటికీని మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేస్తే, ముందే ఖరారైన ముహూర్తానికి ఒప్పుకొన్నట్టే లెక్కగట్టారు. మౌనం అర్ధాంగీకారమైతే నిరాకరణ పూర్ణాంగీకారం కావడంలో తర్కదోషం ఏముంది? 2018 అక్టోబరు అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసిన మాట కూడా నిజమే. పంపిణీని వెంటనే నిలిపివేశారు. అంటే ఆపే మీట ఒకటి ఎక్కడో ఉందన్నమాట. అది మన ఇంట్లో లేదు, అంతే.

ప్రతిపక్షం నోరు మూయించడానికి 2017 మే నెల ఒక్కటి చాలు. ఆ నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము అనేక దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. విండోస్‌లో అది దూరిన భద్రతా కంతకు మరమ్మతు అదే ఏడాది మార్చిలోనే విడుదలైంది. కాబట్టి మరమ్మతు అక్కర్లేదనేవాడు మూర్ఖుడే, ఇందులో వ్యంగ్యమేమీ లేదు. కానీ ఈ ఉద్యమకారుల్లో తెలివైనవారు వేరే పేచీ పెడుతున్నారు: కంతలు పూడ్చేవి వెంటనే వేయండి, టాస్క్‌బార్‌లో అడగని బొమ్మలు, వార్తలు, కొత్త సహాయకులు మాత్రం మమ్మల్ని అడిగి వేయండి అంటున్నారు. ఇది ఎంతమాత్రం అనుమతించదగినది కాదు. మందును, సంతసరుకును ఒకే మూటలో కట్టి ఇస్తేనే గదా రెండూ చెల్లుబాటయ్యేది! విడివిడిగా అడిగితే జనం మొదటిదానికి సరేనని, రెండోదానికి వద్దనే ముప్పు ఉంది. విండోస్ 10లో నెలనెలా వచ్చే అప్‌డేట్‌ను విడదీయకుండా ఒకే కట్టగా అందించడంలోని దూరదృష్టి ఇప్పుడైనా బోధపడాలి.

ఇంతకూ ఉద్యమకారుల మొర ఆలకించబడలేదనడం అన్యాయం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. యజమానులు కోరుకున్న ప్రశాంతత దరఖాస్తు అవసరం లేకుండానే దక్కింది. కాకపోతే భద్రతా అప్‌డేట్లు మరొక్క ఏడాది కావాలనుకునేవారు పేరు నమోదు చేసుకోవాలన్నారు. నాకు తెలిసిన ఉద్యమ నాయకులందరూ ప్రస్తుతం ఆ నమోదు బటన్ ఎక్కడుందో వెతుకుతున్నారు.